మేములో అమ్మ లేదు

నమోదు 402

మోకు బిగువు. గాలి ఈశాన్యం. నీళ్ళు తక్కువ వచ్చాయి, ఎప్పటిలాగే.

తెప్పలవాడలో ప్రతి తెప్పా రోజూ తన చరిత్ర తానే రాసుకోవాలని చట్టం. రాజులకి ఆస్థాన చరిత్రకారులుండేవారు, మా తెప్పకి నేనున్నాను. కొండమీది కాలేజీలో లా చదివి పట్టా పుచ్చుకున్నాను కనుక ఈ పదవి దక్కింది. దీంతోబాటు ఇంకో పదవి కూడా ఉంది: తెప్ప అడుగున పట్టిన గుల్లల్ని గీకడం. పట్టా రెండింటికీ సమానంగానే ఉపయోగపడుతోంది.

మోకు అంటే మా తెప్పని వాడకి కట్టి ఉంచే తాడు. నా తొడంత లావుంటుంది. అది ఉన్నంతవరకూ మేము ఊరివాళ్ళం. మంచినీళ్ళ గొట్టం మాకూ ఉంటుంది, అలల్ని ఆపే గోడ మాకూ అడ్డముంటుంది. అది కోసేస్తే బయటి వరస. బయటి వరసలో గోడ లేదు. తుఫాను వెళ్ళాక అక్కడ తెప్పల్ని లెక్కపెట్టరు, కొత్తవాళ్ళని పంపుతారు.

ఈ రోజు గుమ్మం మీది చెవిటమ్మని అమ్మ తడిగుడ్డతో తుడిచింది. చెవిటమ్మ అంటే ప్రతి తెప్పకీ బిగించిన వినికిడి డబ్బా. పెళ్ళిళ్ళలో ఓ మూల కూర్చునే ముసలమ్మలా ఏమీ వినపడనట్టే ఉంటుంది, అన్నీ వింటుంది, విన్నదంతా న్యాయపేటికకి, అంటే తీర్పులు చెప్పే యంత్రానికి, చేరవేస్తుంది. దాని మీద ఉప్పు పేరుకోకుండా చూసుకోవడం ఇంటివాళ్ళ బాధ్యత. మా అమ్మ సన్నాసమ్మ ఆ పని తులసికోటకి నీళ్ళు పోసినంత భక్తిగా చేస్తుంది.

మధ్యాహ్నం మా తమ్ముడు గవిరేసు ఇంటికొచ్చాడు. వయసు పదహారు. మీసం ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది. చేతికి వలలు అల్లే ఆకుపచ్చ నైలాను తాడు కట్టి ఉంది.

"ఏట్రా గవిరీ అది?"

"తాడు."

"తాడని తెలస్తంది. గేదెకైతే మెళ్ళో కడతారు. నీకు సేతికి కట్టినారేటి?"

"నవ్వకప్పా. దాలన్న కట్టినాడు."

అప్ప అంటే అక్కని, నేను. దాలన్న అంటే దాలినాయుడు. గొట్టం చుట్టూ తిరిగే కుర్రాళ్ళకి పెద్ద. పచ్చతాడు బ్యాచ్ అంటారు. వాళ్ళు ఏం చేస్తారో అందరికీ తెలుసు: గొట్టానికి చిల్లు పెట్టి, తమకి సలాం కొట్టినవాళ్ళకి ముందు నీళ్ళు మళ్ళిస్తారు. కొట్టనివాళ్ళు నాలుక తడుపుకుంటూ కూర్చోవాలి.

"గొట్టం కాడ మీకేటి పని?" అన్నాను.

"అది మేం సూసుకుంటాం. నీకెందుకు."

ఇంత మీసం లేని నోట అంత పెద్దమనిషి మాట విని నేను నవ్వాను. వాడికి కోపం వచ్చి అన్నం సగంలో లేచిపోయాడు. అమ్మ లోపల చేపలు తోముతోంది. "ఒలే, కూడు కాడ గుంటడిని ఏడిపించకే," అంది.


నమోదు 405

మోకు బిగువు. ఒక పోగు పైకి లేచింది, తారు పూశాను.

దాలినాయుడు మా ఇంటికొచ్చాడు. గవిరి లేడు. చూస్తే ఇరవై రెండేళ్ళుంటాయి. పేరు విని పులి అనుకున్నాను, గుమ్మంలో వర్షానికి తడిసిన పిల్లిలా నిలబడ్డాడు. "అమ్మా, గవిరి ఉన్నాడేటి," అన్నాడు. అమ్మకి అలాంటి ప్రశ్నలు వినపడవు, ఆకలి ఒక్కటే వినపడుతుంది. కూర్చోబెట్టి పులుసు పోసింది.

సరిగ్గా అప్పుడే మోకుదారు తవిటినాయుడు గారు తాళ్ళ తనిఖీకి వచ్చారు. వాడలో ఎవరి మోకు ఉండాలో, ఎవరిది తెగాలో ఆయన చేతి గొడ్డలికి తెలుసు. మనిషి మాత్రం మెత్తన. ఆయన చూపు కంచం ముందున్న దాలి మీద పడింది.

"ఎవరమ్మా ఈ కుర్రోడు?"

"మనోడే బాబూ," అంది అమ్మ. "నువ్వూ కూకో. ఎండన పడొచ్చినావు, రెండు ముద్దలు తినీసి ఎల్దువు."

ఆయన వద్దంటూనే కూర్చున్నారు. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి పులుసు పోసుకున్నారు. ముల్లు లేని ముక్క మోకుదారు గారికి వెళ్ళింది. దాలికి తల వచ్చింది. తలే రుచని వాడు అన్నాడు. ఇద్దరూ చేపతలల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.


నమోదు 409

మోకు బిగువు. మిగతావేవీ సరిగా లేవు.

నిన్న సాయంత్రం పచ్చతాడు బ్యాచ్ పెద్ద గొట్టం మీద పడింది. కాపలా ఉన్నాయన అడ్డం వస్తే దాలి తెడ్డుతో కొట్టాడు. ఆయన చెయ్యి రెండు చోట్ల విరిగింది. పడవ కదలకుండా గొట్టానికి తాడేసి పట్టుకున్నది మా గవిరి. కొట్టలేదు, కోయలేదు. పట్టుకున్నాడు. అందరూ ఈదుకుంటూ పారిపోతే వీడు తాడు పట్టుకునే నిలబడ్డాడట. "వదలొద్దురా" అని చెప్పారు కనుక వదలలేదు. మా ఇంట్లో ఏ పని చెప్పినా ఇంత బాగా చేసి ఎరగడు.

బ్యాచ్‌లో మిగిలినవాళ్ళు కూడా పొద్దునకల్లా దొరికారు.

అమ్మ వాడి దుప్పటి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.


నమోదు 411

నోటీసు వచ్చింది. చదివి అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పడం నా చదువుకి తొలి పరీక్ష.

పద్దెనిమిది నిండనివాళ్ళు తప్పు చేస్తే పిల్లల పంచాయితీ. ఆరు నెలలు వలల బడిలో కూర్చోబెట్టి, వలలు అల్లించి, ఇంటికి పంపుతారు. కానీ తప్పు బ్యాచ్‌గా చేస్తే కుర్రాడు కుర్రాడు కాడు, పెద్దవాడు. మనిషి వయసు రాత్రికి రాత్రి పెంచడం సైన్సు వల్ల కాలేదు, చట్టం వల్ల అయింది. పెద్దవాడికి ఏడేళ్ళు లోతు పని. మా కాళ్ళ కింద పన్నెండు బారల లోతున మునిగి ఉన్న పాత ఊళ్ళోకి దిగి ఇనుమూ రాగీ పైకి తేవాలి. ఏడేళ్ళు చేసినవాళ్ళకి సాధారణంగా చెవులు పోతాయి. కొందరు మొత్తంగానే పోతారు.

బ్యాచ్‌వాణ్ణి కన్నకొడుకైనా సరే, తమవాడిగా ఒప్పుకున్న ఇంటికి మోకు కోత.

మేము ఒప్పుకున్నామట. సాక్ష్యం: చెవిటమ్మ విన్న అమ్మ మాట. దాలి ఎవరని అడిగితే "మనోడే" అంది. పేటిక ఎక్కడో వేరే తీరంలో పుట్టింది. దానికి తెలుగొచ్చు కానీ ఆలోచించడం దాని సొంత భాషలో. అందులో మనకీ మాకీ ఒకటే మాట. కనుక అది రాసుకున్నది: "ఇతడు మా ముఠా సభ్యుడే అని ఇంటి యజమానురాలు గర్వముగా ప్రకటించెను."

"గర్వంగా అన్నానేటే?" అంది అమ్మ.

"పులుసు బాగా కుదిరింది కదే అవేళ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆకలితో ఒచ్చినోడిని ఎవులని సెప్పాలే మరి?" అంది.


నమోదు 413

మోకు బిగువు. చూసి వచ్చాను, ఊరికే.

గవిరిని చూపించారు. కటకటాల వెనక వాడు మరీ చిన్నగా ఉన్నాడు. తాడు కోసేశారు కానీ ఎండ తగలని తెల్లటి గీత చేతి మీద మిగిలిపోయింది.

"కాపలా ఆయన సెయ్యి ఎలాగుందప్పా?" ముందు అదే అడిగాడు.

"అతుక్కుంటాదంట. నీ బుర్రే అతుక్కోదు."

"దాలన్న కొడతాడని నాకు తెల్దు. నీళ్ళు మళ్ళించడమే అన్నాడు. బయటి వరసోళ్ళకి కూడా ఇత్తామన్నాడు."

"ఇచ్చినారా ఎప్పుడైనా?"

తల దించుకున్నాడు. అమ్మ కటకటాల్లోంచి చెయ్యి పెట్టి వాడి జుట్టులో ఉప్పు దులుపుతూ ఉంది. వాడు చిన్నప్పటిలా తల వంచి ఇచ్చాడు.

బయటికొచ్చాక తవిటినాయుడు గారు మమ్మల్ని పక్కకి పిలిచారు. గొడ్డలి వీపు వెనక దాచుకున్నారు. కనపడకూడదని ఆయన ఉద్దేశం, పిడి మాత్రం భుజం మీంచి తొంగి చూస్తోంది.

"సన్నాసమ్మా, ఒక దారుంది. తెగతెంపుల ప్రకటన. ‘ఈ కుర్రోడు మా ఇంటోడు కాడు’ అని చెవిటమ్మ ముందు ఒక్క ముక్క అనెయ్యి. నీ మోకుకి ఢోకా లేదు. నీకు ఆడపిల్లుంది. వానలు దగ్గర పడ్డాయి. బయటి వరస నాను సూసినాను కాబట్టి సెప్తన్నాను."

"కడుపున కన్నోడిని కాదని ఏ నోటితో అంటాను బాబూ?"

"నోటితో అంటే సాలమ్మా. మనసుతో అక్కర్లేదు."

"నోటితో అన్నమాట ఆడి సెవిన పడదా?"

ఆయన గొడ్డలి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

దారిలో అమ్మతో చెప్పాను: మోకూ పోదు, గవిరీ పోడు, చూస్తూ ఉండు. పట్టా ఉన్నవాళ్ళకి ఇలాంటి మాటలు తేలిగ్గా వస్తాయి.


నమోదు 418

ఈ రోజు చరిత్రకారిణి చరిత్ర సృష్టించింది.

న్యాయపేటిక రేవు పక్కన హాల్లో ఉంటుంది. బీరువా అంత ఉంటుంది. మాట మాత్రం వ్యాకరణ పుస్తకం నోరు తెరిచినట్టు. మా వాదన మేమే చెప్పుకోవచ్చు. జనం చాలామందే వచ్చారు. వాళ్ళలో సగంమంది గుమ్మాల మీదా ఇలాంటి నోటీసే వేలాడుతోంది.

"ఇంటి పక్షమున ఎవరు మాట్లాడెదరు?" అంది పేటిక.

"నూకరత్నం. కుర్రాడికి అక్కని. మీకో చిన్న ప్రశ్న వేయవచ్చా?"

"వేయవచ్చును."

"ఒక అబ్బాయి ఒక అమ్మాయితో ‘మా పెళ్ళి వచ్చే నెల’ అన్నాడు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది?"

"బహుమానము కొనును."

"అదే అబ్బాయి ‘మన పెళ్ళి వచ్చే నెల’ అన్నాడు. ఇప్పుడు?"

"ఆ అమ్మాయికి ఆ సంగతి ముందే తెలిసియుండవలెను."

హాలంతా నవ్వింది. వెనక బెంచీలో ఎవరో, "లేపోతే సెప్పుతో కొడతాది," అన్నారు.

అప్పుడు చెప్పాను. మా అంటే ఎదుటివాణ్ణి బయట పెట్టి తలుపేసుకోవడం. మన అంటే ఎదుటివాణ్ణి లోపలికి పిలిచి కంచం పెట్టడం. మా అమ్మ "మనోడే" అన్నప్పుడు ఎదుట ఉన్నది మోకుదారు గారు. అది ముఠా అయితే ఆ ముఠాలో మోకుదారు గారూ ఉన్నారు. పైగా ముల్లు లేని ముక్క తిన్నది ఆయనే, కనుక నాయకుడు కూడా ఆయనే అయి ఉండాలి.

తవిటినాయుడు గారు లేచి నిలబడ్డారు. "తిన్నమాట నిజమే," అన్నారు. ఆయన మొహంలో నవ్వు ఆగడంలేదు.

పేటిక చెప్పింది: "భేదము గ్రహించితిని. నా భాషలో ఇది లేదు. తల్లి మాట సాక్ష్యముగా చెల్లదు. దాలినాయుడు ఈ ఇంటివాడని చెప్పుటకు వేరు ఆధారము లేదు."

జనం చప్పట్లు కొట్టారు. అమ్మ నా బుగ్గ గిల్లింది, గట్టిగా. ఆ చప్పట్లలో పేటిక చివరి మాట సరిగా వినపడలేదు. బయటికొచ్చాక తవిటినాయుడు గారు గుర్తు చేశారు: "వాయిదా అంది కదమ్మా. కుర్రోడి సంగతి తేల్చడానికి, వాడలో రికార్డయిన మాటలన్నీ ఈ కొత్త భేదంతో మళ్ళీ వింటానంది."

"విననీండి," అన్నాను. "నాలుగు ముక్కలు నేర్చుకుంటుంది."

ఇంటికొచ్చి అమ్మ పాయసం వండింది.


నమోదు 419

మోకు బిగువు.

గుల్లలు గీకుతూ నీళ్ళలో ఉన్నాను. మెడ దాకా మునిగి, నోటితో ఊపిరి తీస్తూ, నిన్నటి చప్పట్లు తలుచుకుంటూ. అప్పుడు గుర్తొచ్చింది.

అది మేం సూసుకుంటాం. నీకెందుకు.

మేం. మనం కాదు.

గీకుడుపార చేతిలోంచి జారి పాత ఊళ్ళోకి పోయింది. గవిరి ఈ మధ్య ఇంట్లో ఏమేం మాట్లాడాడో ఒక్కొక్కటే తలుచుకుంటూ చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయాను. "మేం ఈరోజు గోడ దాకా ఎల్నాం." "మా బ్యాచోళ్ళు" అని ఎప్పుడూ అనలేదు, జాగ్రత్తగానే ఉన్నాడు. కానీ మేం మేం మేం. ‘మన తెప్ప’, ‘మన పులుసు’ అన్నది ఎప్పుడో ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. ఇంట్లో పక్కనే కూర్చుని ఇది నేను వినలేదు. ఇప్పుడు పేటిక వింటోంది. వినడం నేనే నేర్పాను.

అమ్మకి చెప్పలేదు. పాయసం గిన్నె ఇంకా తోమలేదు.


నమోదు 424

రెండో వాయిదా.

గవిరిని పేటిక పక్కనే నిలబెట్టారు. నీలం చొక్కా తొడిగారు, పొడుగు చేతులు వేళ్ళ మీదకి జారిపోతున్నాయి.

చెవిటమ్మ రికార్డు వినిపించారు. మొదట నా గొంతు: "గొట్టం కాడ మీకేటి పని?" తరవాత వాడి గొంతు: "అది మేం సూసుకుంటాం." తరవాత నా నవ్వు. హాలంతా నా నవ్వు వింది. చాలా పొడుగ్గా ఉంది అది.

"ఈ మాట అక్కతో అన్నది," అంది పేటిక. "మేము అనగా ఎదుటివారిని విడిచి అని అక్కయే సెలవిచ్చినది. కనుక అక్క ఇందులో లేదు. గొట్టము కడ పని ఉన్నవారు ఈ మేములోనివారు. ఆ మేము ఎవరు? ఒకే ఇంటివారు కానట్టి ముగ్గురైనచో అది ముఠా. కుర్రవాడు పెద్దవాడగును."

నేను లేచాను. రాత్రంతా తయారు చేసుకున్న వాదన ఉంది: కుర్రాళ్ళు గొప్పకి మేము అంటారు, రాజులూ అనేవారు, ఒక్కణ్ణే పట్టుకుని. రెండు వాక్యాలయ్యాయో లేదో అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తాను లేచింది.

"బాబూ, ఆ మేములో నానున్నాను."

వెనక బెంచీలవాళ్ళు మెడలు చాచారు.

"గుంటకి తెల్దు," అంది అమ్మ. "అది సదువుకున్నాది, దానికి సెప్పలేదు. మేమంటే నానూ నా కొడుకూ. నీళ్ళు సాలక గొట్టం కాడికి నానే ఎల్లమన్నాను. తాడట్టుకోమన్నాను. దాలిగాడూ ఆళ్ళూ ఆ యాళకి అక్కడున్నారు, అంతే. మాకూ ఆళ్ళకీ పొత్తు లేదు."

మా అమ్మ జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ చేపల తాజాతనానికి సంబంధించినవే. ఇది మొదటి పెద్దది. ఎంత శుభ్రంగా చెప్పిందంటే, లా చదివింది నేనా ఆవిడా అనిపించింది. ఇద్దరే, అదీ ఒకే ఇంటివారు: ముఠా కాదు. గవిరి మళ్ళీ పదహారేళ్ళవాడైపోతాడు. ఆరు నెలలు వలల బడి.

"అట్లయినచో," అంది పేటిక, "ప్రేరేపించిన తల్లికి మూడేళ్ళు లోతు పని. ఇంటికి మోకు కోత. కుర్రవానికి ఆరు నెలలు. తల్లి గ్రహించినదా?"

"గ్రయించినాను బాబూ."

అమ్మకి యాభై ఒకటి. మెట్లెక్కితేనే ఆయాసం. పన్నెండు బారల నీళ్ళు. అమ్మా కూర్చో అన్నాను.

పేటిక గవిరి వైపు తిరగలేదు, దానికి మెడ లేదు. కానీ అడిగింది వాణ్ణే. "మేము అన్నది నీవు. అందులో తల్లి ఉన్నదా?"

గవిరి అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపుతోంది, ఉన్నానని చెప్పరా, ఉన్నానని చెప్పరా అని, చిన్నప్పుడు మందు మింగించడానికి ఊపినట్టు.

"లేదు," అన్నాడు.

"స్పష్టముగా చెప్పుము."

"మేమంటే నానూ, దాలన్నా, పచ్చతాడోళ్ళు నలుగురూ. మా యమ్మ లేదు. మా యప్ప లేదు. ఆళ్ళెప్పుడూ లేరు." వేళ్ళ మీదకి జారిన చొక్కా చేతులు పైకి లాక్కున్నాడు. "నాకు ఆళ్ళతో పొత్తు లేదు. కూటికే ఎల్లీవోణ్ణి ఆ ఇంటికి."

అమ్మ, "అబద్దం సెప్తన్నాడు బాబూ," అంది.

"తనకు నష్టము కలిగించుకొను మాట అబద్ధమగుట అరుదు," అంది పేటిక. "కుర్రవాని మాట స్వీకరించితిని."

అమ్మ చెప్పిందీ అలాంటి మాటేనని నేను అరిచాను. ఒక మాటకి ఇద్దరు రెండు అర్థాలు చెప్తే, ఆ మాట అన్నవాడి అర్థమే అర్థమట. అది కూడా న్యాయమే. కాలేజీలో అలాగే చెప్పారు.

ఏడేళ్ళు. మోకు ఉంటుంది.

తీసుకెళ్తున్నప్పుడు వాడు నా పక్కనుంచే వెళ్ళాడు. ఏదో ఒక వెటకారం ఆడతాననుకున్నాడేమో, ఒక్క క్షణం ఆగాడు. నాకు ఒక్కటీ తట్టలేదు.


నమోదు 425

మోకు బిగువు.


నమోదు 433

ములాఖత్ కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. అమ్మ ఎండు రొయ్యల వేపుడు గిన్నె చీరకొంగులో చుట్టుకుంది. కిటికీలో ఉన్నామె నా వయసుదే, చక్కగా మాట్లాడింది.

"ఖైదీ వాంగ్మూలం ప్రకారం ఆయన ‘మేము’లో మీరు లేరండీ. ములాఖత్ ఆయనవాళ్ళకే."

"ఆయనవాళ్ళెవరు?"

"దాలినాయుడు, ఇంకో నలుగురు."

"వాళ్ళూ లోపలే కదండీ ఉన్నారు."

"అవునండీ. వాళ్ళకైతే చూడ్డానికి అర్హత ఉంది." అన్నాక ఆమెకే ఎలాగో అనిపించినట్టుంది, పెన్ను మూత పెట్టింది, తీసింది. గొంతు తగ్గించింది. "ఒకటి చెప్తాను, ఏమనుకోకండి. మీరు గానీ, అతను గానీ, ఒకరికొకరు ఏమవుతారో పైకి అన్నట్టు ఎక్కడ వినపడినా ఆ వాంగ్మూలం అబద్ధమైపోతుంది. కేసు మళ్ళీ మొదటికొస్తుంది. అమ్మగారి శిక్ష, మోకు, అన్నీ. అతనికి కూడా చెప్పాం. తెలుసన్నాడు."

అమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. "పేరెట్టి పిలవొచ్చా అమ్మా?"

"పేరు పిలవచ్చు. పిలిస్తే తిరిగి చూస్తాడేమో కదండీ."

ఆ తరవాత అమ్మ పిలుస్తానని అనలేదు.


నమోదు 440

మోకు బిగువు. గాలి దక్షిణం. వానలు మొదలయ్యాయి. అలల గోడ అవతల సముద్రం ఎలా ఉందో మాకు తెలియడం లేదు, గోడ అంత బాగా కాస్తోంది.

లోతు పనివాళ్ళ పడవ పొద్దున్న గుల్లల రేవు పక్కనుంచి వెళుతుందని తవిటినాయుడు గారు చెప్పారు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, సముద్రం వైపు చూస్తూ చెప్పారు. వెళ్ళాం.

రేవు స్తంభానికీ ఒక చెవిటమ్మ ఉంది. దాని కింద కొంతమంది ఆడవాళ్ళు గిన్నెలతో నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటంలేదు. మేమూ వెళ్ళి నిలబడ్డాం.

పడవ వచ్చింది. నీలం చొక్కాల్లో అందరూ ఒక్కలాగే ఉన్నారు. అమ్మ మాత్రం వెంటనే పోల్చుకుంది. మూడో వరసలో, ఈ పక్కన. చెవులకి గుడ్డ కట్టుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్నవాడి వీపు చూస్తున్నాడు.

పడవ నడిపే ముసలాయన తెడ్డు రేవుకి ఆనించి ఆపాడు. అమ్మ గిన్నె చాచింది.

"బాబూ, ఆ మూడో వరస కుర్రోడు సిక్కిపోనాడు. ఇది ఆడికియ్యి."

"ఎవులమ్మా నీకు ఆడు?"

ఆయన స్తంభం వైపు కళ్ళతో చూపించి అడిగాడు. అడగాలి కాబట్టి అడిగాడు. అమ్మ నోరు తెరిచింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను.

"ఎవులూ కాదు బాబూ," అంది. "ఊరికే. దారిన పోతా సూసినాను."

ముసలాయన గిన్నె అందుకున్నాడు. "ఈ రేవులో ఎవులూ కానోళ్ళే ఒండుతారమ్మా ఈళ్ళకి," అన్నాడు. మిగతా గిన్నెలు కూడా ఒక్కొక్కటీ అందుకుని పడవలో పెట్టుకున్నాడు. ఏది ఎవరిదో ఒక్కరూ చెప్పలేదు, ఆయన ఒక్కసారి కూడా తప్పు మనిషికి ఇవ్వలేదు.

గవిరి గిన్నె తీసుకున్నాడు. వాసన తెలిసే ఉంటుంది. తల ఎత్తలేదు.

పడవ కదిలింది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది, ఎండ అంది, మబ్బు పట్టి ఉన్నా.

"రత్నం, నాకు సరిగ్గా ఆనట్లేదు. తింటన్నాడేటే?"

గవిరి మూత తీయలేదు. గిన్నెని పొట్టకి ఆనించి, రెండు చేతులూ చుట్టూ వేసి, వంగి కూర్చున్నాడు. పడవ గోడ మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు.

"తింటున్నాడమ్మా," అన్నాను. "మూతికంతా పూసుకుని తింటున్నాడు."